పదిహేను నిమిషాల ఆకాశం

సినిమాల్లో హీరో విమానం మెట్లెక్కుతాడు. మరుసటి షాట్‌లో దిగేస్తాడు. నడుమ ఉన్నదంతా ఎడిటరు కత్తెర పాలు! ఆ కత్తెరలో మా కొల్లేరు పోకూడదని నా గోల.

సంగతేమిటంటే, మా అమ్మమ్మది తాడేపల్లిగూడెం. గూడెం అనగానే మీకు రేలంగిగారూ, ఆయన కట్టించిన సినిమాహాలూ గుర్తొస్తాయి. అమ్మమ్మకు మాత్రం రన్‌వే! రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు వేసింది. విమానం మోత వినపడితే పరికిణీ ఎత్తిపట్టి పరిగెత్తేదట. ఇప్పుడు తొంభైకి దగ్గరపడింది, ఒక్కసారీ విమానం ఎక్కలేదు.

"కొల్లేరు పైనుంచి ఎలా ఉంటుందో చూపించరా అబ్బాయ్" అంది పోయిన సంక్రాంతికి.

మ్యాపూ స్కేలూ పట్టుకు కూర్చున్నాను. గన్నవరం నుంచి రాజమండ్రి మధురపూడికి గీత గీస్తే సుమారు 125 కిలోమీటర్లు. ఆ గీత ఏలూరు నెత్తిమీదుగా పోయింది! కొల్లేరు కుడిచేతి కిటికీలో కనపడాలి. గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్ విమానానికి లెక్క ప్రకారం పదిహేను నిమిషాలు. లేవడం, దిగడం కలుపుకుని అరగంట అనుకోండి. అయితే బెజవాడ నుంచి గన్నవరానికి కారు, గంట ముందు హాజరు, మధురపూడి నుంచి ఊళ్ళోకి మళ్ళీ కారు... రైలెక్కినవాడు ఆపాటికి గోదావరి వంతెన మీదుంటాడు! ఇంత దగ్గరికి విమానం వేసేదెవరు? వేసినా, అమ్మమ్మ గూడెం నుంచి ఏలూరు మీదుగా గన్నవరం వచ్చి, మళ్ళీ అదే ఏలూరు మీదుగా ఎగరాలి.

ఉన్నమాట చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు.

"పోనీ, పైనుంచి చూసేవాళ్ళనైనా చూపించు" అంది.

అర్థమైంది. మర్నాడే ఏలూరు మీదుగా కైకలూరు దారి పట్టాం. దారిపొడుగునా చేపల చెరువులే. "సరస్సేదిరా?" అని అమ్మమ్మ రెండుసార్లు అడిగింది. 1999లో కొల్లేరును పక్షుల అభయారణ్యం చేశారు, 2006లో ప్రభుత్వమే వేల ఎకరాల చెరువుల గట్లు తెగ్గొట్టింది. అంతా చెప్పాను గానీ, ఆవిడ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

ఆటపాకలో దొరికింది జవాబు. చెట్ల మీదా, అటవీశాఖవారు నిలిపిన ఇనుప స్టాండ్ల మీదా గూడబాతులు... ఎన్నని! గూడబాతు బరువైన పిట్ట. ఉన్నచోటునుంచి రివ్వున లేవలేదు. నీళ్ళమీద కాళ్ళతో తపతపా తన్నుకుంటూ కొంతదూరం పరిగెత్తి, అప్పుడు గాల్లోకి లేస్తుంది.

"ఒరేయ్, మా గూడెం విమానాలూ అచ్చం ఇలాగే!" అని అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పొద్దు వాలింది. ఏలూరు వైపు నుంచి ఒక బారు వచ్చి, రెక్కలు చాపి, నీళ్ళమీద జారుతూ దిగుతోంది. చీకటి పడుతోంది, వెళదామన్నాడు పడవబ్బాయి.

"ఉండు నాయనా, ఇంకోటి దిగుతోంది" అంది అమ్మమ్మ.