గ్రహణపు మొఱ్ఱి

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను గ్రహణపు మొఱ్ఱి బిడ్డయని పిలుచుట మన తెలుగువారి వాడుక. ఆ పేరులోనే తల్లిమీద ఒక నేరము మోపబడియున్నది. గ్రహణకాలమున గర్భిణి కత్తిపీట ముట్టెననియో, ఆరుబయటికి వచ్చెననియో దాని భావము. ప్రియ చదువరులారా, మన సంఘములలోను ఈ మాట నేటికిని వినబడుచున్నది. ఆదివారమున ప్రార్థనకు కూడివచ్చు స్త్రీలే గ్రహణమునాడు కోడలిని చీకటి గదిలో కూర్చుండబెట్టుట నేనెరుగుదును.

మాది చర్ల. నేను నర్సుగా పనిచేసి విశ్రాంతి పొందినదానను. కోయమాట చిన్నతనమునుండి వచ్చును. 2018వ సంవత్సరము నవంబరులో శస్త్రవైద్యుల జట్టు ఒకటి మా ప్రాంతపు ఆస్పత్రిలో ఒక వారముండుటకు వచ్చెను. వారిలో ముగ్గురు పరదేశస్థులు, తక్కినవారు మన దేశపువారే. అయినను కోయమాట ఒక్కరికిని తెలియదు గనుక నన్ను పిలిచిరి. జీతము లేని పని. ఉదయము బిడ్డలను తూచుట, మధ్యాహ్నము పనిముట్లు కడిగి ఆవిరిలో పెట్టుట, నడుమ నడుమ దుబాసీతనము, ఇది నా వంతు.

దుబాసీతనము తేలికని తలంచవద్దు. కోయమాటలో ఏరు అనగా నీరు. తెలుగు సిస్టరొకతె ఒక స్త్రీని, "ఏరు దాటి వచ్చితివా?" అని యడుగగా, నీళ్లిచ్చెదరు కాబోలునని ఆమె చేయి చాపెను. నవ్వుకొంటిమిగాని, మత్తు విషయములో ఇట్టి పొరపాటు ప్రాణము తీయగలదు. మత్తు ఇచ్చుటకు ముందు కడుపు ఖాళీగా నుండవలెను. తల్లిపాలైనచో 4 గంటలు, అన్నమైనచో 6 గంటలు ఆగవలెను. లేనియెడల కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలో పడును. ఈ సంగతిని ప్రతి తల్లికి మూడు మారులు చెప్పి, ఆమెచేత తిరిగి చెప్పించుకొనెడిదానను.

రెండవ దినమున సరిహద్దు అవతలి గూడెమునుండి ఒక అత్తయు కోడలును నాలుగు నెలల మగబిడ్డను ఎత్తుకొని వచ్చిరి. రెండు దినములు అడవిలో నడిచిరట. తల్లి బిడ్డ ముఖముమీదనుండి కొంగు తీయదు. అత్త మాత్రము నన్ను చూడగానే, "అమ్మా, ఇది గ్రహణమునాడు కట్టెలు కొట్టినది. అందుకే వాడిట్లు పుట్టెను" అని కోడలిని చూపెను. కోడలు తలవంచుకొని యుండెను.

గర్భములో బిడ్డ ముఖము రెండు ప్రక్కలనుండి పెరిగివచ్చి నడుమ కలిసికొనును. పెదవి కలియుట నాలుగవ వారమునకును ఏడవ వారమునకును మధ్య జరుగును. అప్పటికి తాము గర్భవతులమని అనేక స్త్రీలకు రూఢిగా తెలియనే తెలియదు. ఆ కలయిక నిలిచిపోయిన యెడల చీలిక మిగులును. వంశమునుబట్టి కొందరికి వచ్చును, తల్లి పొగాకు వాడుటయు కొన్ని మందులును కొంత కారణము కావచ్చును. పెక్కుమంది విషయములో ఇదియే కారణమని వైద్యులును చెప్పలేరు. సూర్యచంద్రులకు ఇందులో పనిలేదు.

పుట్టుగ్రుడ్డివానిని చూచి తప్పు ఎవరిదని శిష్యులడిగిన సంగతి మీరెరుగుదురు. ప్రభువు ఆ లెక్కను త్రోసివేసి, బురద చేసి వాని కన్నులకు పూసెను. మనము మాత్రము ఇంకను లెక్కయే చూచుచున్నాము.

నేను చెప్పినది విని అత్త, "మరి ఎవరు చేసిరి?" అని యడిగెను. ఎవరును చేయలేదంటిని. ఆమె నమ్మలేదు.

బిడ్డను తూచితిమి. 3 కిలోల 200 గ్రాములు. పెదవి కుట్టుటకు బిడ్డ కనీసము 10 పౌండ్లు, అనగా సుమారు నాలుగున్నర కిలోలు ఉండవలెనని, పది వారములు నిండవలెనని, రక్తములో హిమోగ్లోబిను 10 ఉండవలెనని శస్త్రవైద్యులలో పాత నియమము. మా జట్టువారు 5 కిలోలనిరి. చిక్కిన బిడ్డ మత్తునకు ఓర్వలేడు. వైద్యుడుగారు తల అడ్డముగా ఊపిరి. ఆ మాట కోయలో చెప్పవలసినదానను నేనే.

ఆ తల్లి యేడ్వలేదు. కొంగు మరల బిడ్డ ముఖముమీద కప్పెను.

చీలిన పెదవితో, చీలిన అంగిటితో బిడ్డ రొమ్ము పీల్చలేడు. పాలు ముక్కులోనుండి వచ్చును. ఆకలియే వాని బరువును తినుచున్నది. కావున వారిని మూడు దినములు ఆపితిని. పాలు పిండి, బిడ్డను నిటారుగా పట్టుకొని, మన పెద్దలు వాడిన ఉగ్గుగిన్నెతో కొంచెము కొంచెముగా పోయుట నేర్పితిని. ఆశ్చర్యమేమనగా, కోడలికంటె అత్తయే త్వరగా నేర్చుకొనెను.

ఇట్లు పంపివేయుట మాకొక్కరికే కలిగినది కాదు. 1982లో అమెరికా దంపతులైన మేగీలు వైద్యులతో ఫిలిప్పీన్సులోని నాగా పట్టణమునకు వెళ్లి, కొందరు బిడ్డలకే శస్త్రచికిత్స చేయగలిగి, వందలమందిని వెనుకకు పంపవలసివచ్చెను. ఆ దుఃఖమునుండియే ఆపరేషన్ స్మైల్ అను సంస్థ పుట్టెను. 1999లో ఆరంభమైన స్మైల్ ట్రెయిన్ వేరొక త్రోవ పట్టి, ఆయా దేశముల వైద్యులకే తర్ఫీదును ధనమును ఇచ్చుచున్నది. నా మనస్సు ఈ రెండవదానివైపే మొగ్గును. వారము దినములకు వచ్చువారు మంచివారే, కాని కుట్టు చీము పట్టుట పదియవ దినమున గదా! డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు 1883లో గుంటూరునకు వచ్చినప్పుడు ఆమెను పంపినవారు వైద్యపరిచర్యకని పంపలేదు. అయినను ఆమె నిలిచియుండెను. 1898లో ఆస్పత్రి తెరచి, 1930లో మరణించువరకు గుంటూరును విడువలేదు.

2019 మార్చిలో ఆ జట్టు మరల రాలేదు. వారిలో మన దేశపు వైద్యుడుగారొకరు మాత్రము మత్తు వైద్యుని వెంటబెట్టుకొని వచ్చిరి. వారు వచ్చుదురను కబురు గూడెమునకు చేరినదో లేదో యని రెండు రాత్రులు నాకు నిద్రలేదు. మూడవనాటి ఉదయమున వారు వరండాలో కూర్చుండియుండిరి. బిడ్డ 5 కిలోల 100 గ్రాములు తూగెను.

వైద్యుడుగారు కత్తి పట్టకముందు సన్నని కొలకర్రతో కొలిచి, పెదవిమీద నీలిసిరాతో చుక్కలు పెట్టిరి. 1950 దశకములో కొరియాలో పనిచేసిన మిల్లార్డు అను అమెరికా శస్త్రవైద్యుడు కనుగొన్న పద్ధతి అది. ఒక ప్రక్క పెదవిని క్రిందికి త్రిప్పి, రెండవ ప్రక్కదానిని ముందుకు తెచ్చి కుట్టుదురు. గంటకు పైగా పట్టెను. చేతులతో కుట్టు లాగుకొనకుండ బిడ్డ మోచేతులకు అట్టముక్కలు కట్టితిమి. అంగిటి పని వేరొకమారు చేయవలెనని చెప్పితిమి.

బిడ్డను తల్లి యొడిలో పెట్టినప్పుడు ఆమె చాలసేపు మాటలాడక చూచెను. కొంగు భుజముమీదనే యుండెను. అత్త నన్ను ప్రక్కకు పిలిచి, తమ గూడెములో ఇట్టి ఆడబిడ్డ మరియొకతె కలదని చెప్పెను. గ్రహణపు మాట యెత్తలేదు. ఎంత బరువుండవలెనని మాత్రము యడిగెను.

ఐదు కిలోలని చెప్పితిని. వ్రేళ్లమీద లెక్కపెట్టుకొని, ఉగ్గుగిన్నె ఇంకొకటి కావలెననెను.