ఇంట్లోనే ఉంటావుగా!

ఒకటికి ఒకటి కలిపితే రెండు. ఇది బడిలో చెప్పిన లెక్క. పిల్లల దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తప్పుతుంది. ఒక్క బిడ్డ ఉన్నప్పుడు, వాడు కన్నుమూస్తే తల్లి నడుం వాల్చొచ్చు. ఇద్దరుంటే ఒకరు పడుకునే వేళకు రెండోవారు లేస్తారు. అదృష్టం కలిసొచ్చి ఇద్దరూ ఒకేసారి పడుకున్నారా... ఆ అరగంటలో సింకులో గిన్నెలు, బకెట్లో బట్టలు మనవంకే చూస్తుంటాయి. రెండో బిడ్డ పుట్టాక పని రెట్టింపయిందని అందరూ అంటారు. నాకైతే పనికీ పనికీ మధ్య ఉండే ఆ కాస్త ఖాళీ మాయమైపోయింది. అసలు కష్టం అక్కడే ఉంది.

మాకు ఇద్దరు. పెద్దదానికి ఐదేళ్లు నిండబోతున్నాయి. యూకేజీ. చిన్నవాడికి పదిహేను నెలలు. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు మూడో అంతస్తులో ఫ్లాటు. మా ఆయనది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. నేనూ ఎనిమిదేళ్లు ఒక ఆఫీసులో లెక్కలు రాశాను. రెండో కాన్పు తర్వాత మానేశాను. నెలాఖరున పద్దులు తేలక రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చున్న రోజులున్నాయి. అయితే ఎంత కష్టమైనా ఆ పని ఎక్కడో ఒకచోట ముగిసేది. ఒకసారి తేలిన పద్దును ఎవరూ తీసుకెళ్లి నేలకేసి కొట్టరు. అన్నం గిన్నెకు ఆ హామీ లేదు!

పొద్దున ఐదున్నరకు లేస్తాను. ఏడూ నలభైకి స్కూలు బస్సు. ఈలోగా టిఫిను, లంచ్‌బాక్సు, రెండు జడలు, కనబడకుండా పోయిన ఒక సాక్సు. చిన్నవాడు కాళ్లకు చుట్టుకుని ఉంటాడు. వాణ్ని చంకనేసుకుని ఒంటిచేత్తో పోపు పెట్టడం ఏ వంటల పుస్తకంలోనూ ఉండదు. నాకు బాగా వచ్చేసింది. కాఫీ మూడుసార్లు వేడిచేసి, మధ్యాహ్నం సింకులో పారబోస్తాను. బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంటే, తలుపు కింద సందులోంచి నాలుగు చిట్టివేళ్లు లోపలికొచ్చి వెతుకుతాయి. నవ్వొస్తుంది. ఒక్కోరోజు ఏడుపూ వస్తుంది.

ఈమధ్య ఒక పెళ్లిలో మా చిన్నత్తయ్య కనిపించి, ‘‘ఇంట్లోనే ఉంటావుగా అమ్మాయ్, ఇంత చిక్కిపోయావేం?’’ అంది. ప్రేమతోనే అంది. కానీ ఆ ముక్క వినీ వినీ చెవులు దిమ్మెక్కాయి. గ్యాసు బండ తెచ్చేవాడు వస్తాడు, ఇంట్లోనే ఉంటావుగా. మా మామయ్యగారి మందులు కొరియర్లో పంపాలి, ఇంట్లోనే ఉంటావుగా. ఊరి నుంచి ఎవరో పరీక్ష రాయడానికి వస్తున్నారు, రెండ్రోజులు చూసుకో, ఇంట్లోనే ఉంటావుగా. ఇంట్లో ఉండటమంటే ఖాళీగా ఉండటమని ఎవరు రాసిపెట్టారో!

జాతీయ గణాంక కార్యాలయం 2024లో దేశమంతటా ఒక సర్వే చేసింది. ఎవరు ఏ పనికి రోజూ ఎంతసేపు వెచ్చిస్తున్నారన్నది దాని సారాంశం. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లల్ని, పెద్దల్ని చూసుకోవడానికి ఆడవాళ్లు 137 నిమిషాలు, మగవాళ్లు 75 నిమిషాలు. ఇవి కూడా ఆ పనుల్లో చెయ్యిపెట్టేవాళ్ల లెక్కలే. 15 నుంచి 59 ఏళ్ల మధ్య వయసువాళ్లలో ఇంట్లోవాళ్ల సంరక్షణ చూసే ఆడవాళ్లు 41 శాతమైతే, మగవాళ్లు 21.4 శాతమే. రెండు రకాల పనులూ మీద వేసుకున్న ఇల్లాలికి రోజులో ఏడుగంటలు వాటికే పోతాయన్నమాట. పసిపిల్లలున్న ఇంట్లో ఈ సగటు ఏ మూలకూ చాలదని వేరే చెప్పక్కర్లేదు.

అయినా ఏ సర్వేకూ దొరకని పని ఒకటుంది. అది తలలో జరిగేది. పాలపొడి డబ్బా అడుగంటింది. పెద్దదానికి శుక్రవారం తెల్ల బూట్లు. చిన్నవాడికి పదహారు నెలలు నిండగానే డీపీటీ బూస్టరు, ఎంఆర్ రెండో డోసు. దానికి ఐదేళ్లు నిండితే దాని డీపీటీ బూస్టరు. రెండూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి కాబట్టి, ఇద్దరికీ ఒకే వారంలో జ్వరం వచ్చినా ఆశ్చర్యం లేదు. అప్పటికి ఇంట్లో జ్వరం మందు ఉండాలి. ఇదంతా గుర్తుపెట్టుకోవడానికి జీతం లేదు సరే, అది పని అన్న పేరు కూడా లేదు.

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం జరిగింది చెబుతాను. మా ఆయన ఆఫీసు పనిమీద పదిరోజులు పుణె వెళ్లారు. అత్తయ్యగారు రాజమండ్రిలో మామయ్యగారిని వదిలి కదల్లేరు. చిన్నవాడికి జలుబు, జ్వరం. రాత్రంతా భుజం దిగలేదు. అలా మూడు రాత్రులు. నాలుగో రోజు స్కూలు నుంచి వస్తూనే పెద్దది వాంతి చేసుకుంది. దాన్ని కడుగుతుంటే వీడు గుక్కపట్టాడు. వీణ్ని ఎత్తుకుంటే అది ఏడుపు. బయట హోరున వాన. కరెంటు పోయింది.

ఇద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టి వంటింట్లోకి వచ్చి నేలమీద కూలబడ్డాను. ఇద్దరూ ఏడుస్తున్నారు. వినిపిస్తూనే ఉంది. కానీ నాలో ఏమీ కదల్లేదు. కోపం లేదు, జాలి లేదు. చెప్పులేసుకుని ఎటైనా వెళ్లిపోవాలనిపించింది. ఎక్కడికని లేదు. ఎవరూ ‘అమ్మా’ అని పిలవని చోటికి. నా పిల్లలంటే నాకు ప్రాణం. అయినా అలా అనిపించింది. అదే నన్ను భయపెట్టింది.

అమ్మకు ఫోన్ చేశాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ‘మేం నలుగురిని పెంచలేదా’ అంటుందనుకున్నాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది... ‘‘నేను ఒక్కదాన్నే పెంచానటే మిమ్మల్ని? నీకు నీళ్లు పోసింది మీ నాయనమ్మ. అన్నం పెట్టింది మీ పెద్దమ్మ. చీకటిపడేదాకా ఎవరి అరుగుమీద ఆడుకునేవాళ్లో నాకే తెలిసేది కాదు. అయినా నేనూ గడ్డివామి వెనక్కి వెళ్లి ఏడ్చేదాన్ని. చెబితే కన్నతల్లివేనా అంటారని ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెప్పావు. మంచిపని చేశావు తల్లీ.’’

ముప్పై ఏళ్లుగా నేను చూస్తున్న అమ్మ! ఆ గడ్డివామి వెనక కథ నాకు తెలియదు. ఉమ్మడి కుటుంబంలో అంతా హాయేనని అనను. అక్కడి మాటలూ, ఆంక్షలూ అమ్మకే తెలుసు. కానీ బిడ్డ బరువు మాత్రం నాలుగు ఒళ్లలో పడేది. ఇప్పుడు ఆ నాలుగు ఒళ్ల బరువూ ఒక్క ఒళ్లో పడింది. పైగా ఆ ఒక్కరూ నవ్వుతూ మొయ్యాలి.

మర్నాడు పిల్లల్ని డాక్టరుకు చూపించాను. ఆవిడ ఇద్దర్నీ పరీక్షించి, మందులు రాసి, తలెత్తి నావంక చూశారు. ‘‘మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయింది?’’ అన్నారు. పది నెలల్లో ‘నీకెలా ఉంది’ అన్న అర్థమొచ్చేలా నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడ. అక్కడే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆవిడ పంపితే వెళ్లిన లేడీ డాక్టరు రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 8.6. పన్నెండుకు తగ్గితేనే రక్తహీనత అంటారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసం, చిన్నదానికి చిరాకు, లేవగానే నీరసం... ఇవన్నీ నా స్వభావం అనుకున్నాను. సగం రక్తం లేకపోవడమేనట!

ఆ డాక్టరమ్మ ఇంకో మాట చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రసవమైన వాళ్లలో దాదాపు 13 శాతం మంది కుంగుబాటు వంటి మానసిక సమస్యలకు లోనవుతారు. మనలాంటి వర్ధమాన దేశాల్లో అది 20 శాతానికి దగ్గరగా ఉంది. అలసట అయితే నాలుగు రోజులు కంటినిండా నిద్రపోతే తగ్గుముఖం పడుతుంది. అలాకాకుండా రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరును కలవాలి. తనకో, బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. నాది ముఖ్యంగా అలసట, రక్తహీనత అని తేలింది. ఐరన్ మాత్రలు రాశారు. ‘‘మాత్రలు నేనిస్తాను. నిద్ర మాత్రం మీ ఇంట్లోవాళ్లు ఇవ్వాలి’’ అన్నారు.

మా ఆయన వచ్చాక గొడవ పడలేదు. లెక్కలు రాసిన చెయ్యి కదా... పెద్దదాని పాత నోటు పుస్తకం తీసి, ఒక వారంపాటు ఇంట్లో ఎవరు ఏం చేశారో రాసి చూపించాను. నా పేరు కింద రెండున్నర పేజీలు. ఆయన పేరు కింద ఆరు పంక్తులు. ఆయన చెడ్డవారు కాదు. చిన్నవాడు పుట్టినప్పుడు కంపెనీ ఇచ్చింది ఐదు రోజుల సెలవు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికే మూడు అయిపోయాయి. మిగతా రెండు రోజుల్లో నేర్చుకున్నదే ఆయనకు తెలిసింది. పుస్తకం చదివి, ‘‘ముందే చెబితే సాయం చేసేవాణ్ని కదా’’ అన్నారు.

‘‘సాయం వద్దండీ. మీరు సాయం చేసినన్నాళ్లూ పని నాదే అవుతుంది. కొన్ని మీ ఖాతాలో రాసుకోండి’’ అన్నాను.

కాసేపు మౌనంగా ఉండి పెన్ను తీసుకున్నారు. పొద్దుటి టిఫిను, స్కూలు బస్సు, టీకాల ఫైలు ఆయన ఖాతాలోకి వెళ్లాయి. గుర్తుచేయడం కూడా నా పని కాదని ఒప్పందం. మొదటి వారం ఉప్మా ఉండకట్టింది. రంగు దుస్తుల రోజున పెద్దది యూనిఫాంలో వెళ్లి, ముఖం వేలాడేసుకుని వచ్చింది. నోటిదాకా వచ్చిన మాటను మింగడం నాకు ఉప్మా మింగడంకన్నా కష్టమైంది. నెల తిరిగేసరికి పిల్ల జడలు కూడా ఆయనే వేస్తున్నారు. ఒకటి పైకి, ఒకటి కిందికి. దానికేం అభ్యంతరం లేదు.

ఇంకో ఏర్పాటూ జరిగింది. కింది ఫ్లాటులో కడప అమ్మాయి ఉంది. ఆమెకూ రెండేళ్ల బాబు. మంగళవారం సాయంత్రం గంటన్నర ఇద్దరు పసివాళ్లూ నా దగ్గర, గురువారం ఆమె దగ్గర. పక్కపక్కనే రెండేళ్లుగా ఉంటున్నాం, ఒకరికొకరం తలుపు కొట్టడానికి ఇంతకాలం పట్టింది. ఆ గంటన్నరలో నేను గొప్ప పనులేం చేయను. నిద్రపోతాను. లేకపోతే కాఫీ పెట్టుకుని వేడిగా తాగుతాను.

కష్టాలన్నీ తీరాయని చెప్పను. ఇవాళ కూడా పప్పుగిన్నె నేలమీద ఉంది. కానీ ఏ తల్లీ ‘నావల్ల కావడంలేదు’ అని ఊరికే అనదని మాత్రం తెలిసింది. అన్నప్పుడు ‘మా రోజుల్లో’ అని మొదలుపెట్టకుండా వినేవాళ్లుంటే, సగం బరువు అక్కడే దిగుతుంది.

మీ ఎరికలోనూ పసిపిల్లలున్న ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం వీలుంటే వెళ్లండి. బొమ్మలూ, బిస్కట్లూ తేకపోయినా ఫర్వాలేదు. బిడ్డ ఎవరి పోలికో తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఆమెను ‘అన్నం తిన్నావా’ అని అడగండి. అడిగి, ఒక గంట ఆ పిల్లల్ని మీరెత్తుకోండి. ఆమె నిదానంగా తలంటుకుని వస్తుంది.