పలకరాయి మీద నడిచిన బండి

ఇంట్లో పాత సామాను నిలవుంటే నాకు నిద్ర పట్టదు. అటక మీద సొట్టపోయిన గిన్నె కనబడినా, వెలగని టార్చిలైటు కనబడినా ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అని చేతులు దురద పెడతాయి. ఆ అలవాటే పోయిన ఏడు నా చేత ఒక తప్పు చేయించింది. ఆ తప్పు దిద్దుకోబోయి, నలభై దాటిన వయసులో నేను రోబో చేయడం నేర్చుకున్నాను. నవ్వకండి, నిజమే చెబుతున్నాను!

మాది మార్కాపురం. మా వారు పలకరాయి కోసే యూనిట్‌లో పనిచేస్తారు. ఒకప్పుడు ఊరూరా పిల్లలు మా ఊరి పలకల మీదే ఓనమాలు దిద్దారు. నోటు పుస్తకాలొచ్చాక ఆ గిరాకీ పోయింది. ఇప్పుడు ఇళ్ళకి అంటించే రాళ్ళు కోస్తున్నారు. పని ఉన్న వారం ఉంటుంది, లేని వారం లేదు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. చిన్నప్పటినుంచీ దానికి బొమ్మలతో ఆడుకోవడం కంటే వాటి పొట్ట విప్పి చూడటమే ఇష్టం. విరిగిన బొమ్మకార్ల మోటార్లు, పాడైన డీవీడీ ప్లేయర్లో చక్రాలు, వైరు ముక్కలు అన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచుకునేది. ఒకనాడు ఫోను తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మా, రోబో చేసే కిట్టు. కొనిపెట్టవా?" అంది. ధర చూస్తే 3,500 రూపాయలు! మా ఇంటి నెల సరుకులు దాదాపు అంతే. "ముందు లెక్కల్లో మార్కులు తెచ్చుకో" అని కసిరేశాను.

ఆ వారమే వీధిలోకి పాతసామాన్లవాడు వచ్చాడు. అటక దులిపి, దాంతోపాటు ఆ డబ్బా కూడా వేసేశాను. అన్నిటికీ కలిపి రెండు కిలోల ఎర్రగడ్డలు ఇచ్చాడు. మంచి బేరమే అనుకున్నాను.

సాయంత్రం పిల్ల బడినుంచి వచ్చి వెతుక్కుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "నీకది చెత్తేలే అమ్మా" అని ఒక్క మాట అని, వెళ్ళి పుస్తకం ముందేసుకు కూచుంది. నాలుగు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ మాట నన్ను ఎందుకు అంతగా గుచ్చిందో చెప్పాలి. మా పుట్టిల్లు గిద్దలూరు. పది పాసయ్యాక ఇంటర్‌లో చేరతానని నేను ఎంత ఏడ్చానో! ఈలోపు సంబంధం కుదిరింది. పెళ్ళి పనుల్లో మా అమ్మ నా పుస్తకాలన్నీ పాతపేపర్లవాడికి తూకానికి వేసేసింది. "ఇంకెందుకే అవి?" అంది. పాపం, ఆమెకి అందులో తప్పేమీ కనిపించలేదు. నాకూ ఎర్రగడ్డలు తూకం వేయించుకున్నప్పుడు కనిపించలేదు కదా!

అయిదో రోజు పిల్ల పక్కన కూచుని, "కిట్టు కొనలేను గానీ, అందులో ఏమేముంటాయో చెప్పు. విడివిడిగా ఎంతవుతాయో చూద్దాం" అన్నాను. అది నా మొహంలోకి చూసి, నోటు పుస్తకం తెచ్చుకుంది.

మొదట ఏమీ కొనలేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయి దగ్గర పాత ఫోనులో వణికే చిన్న మోటారు ఒకటి పది రూపాయలకి అడిగి తెచ్చుకున్నాం. అరిగిన టూత్‌బ్రష్ తల కోసి, దాని వీపున ఆ మోటారూ, ఒక బొత్తాం సెల్లూ అంటించాం. కింద పెడితే బొద్దింకలా గజగజమంటూ గచ్చంతా తిరిగింది! చిన్నపిల్లలున్న ఇళ్ళలో మాత్రం బొత్తాం సెల్లు అందుబాటులో ఉంచకండి. మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

దాంతో నాకూ హుషారొచ్చింది. ఇక గీత వెంట నడిచే బండి చేద్దామంది పిల్ల. హైదరాబాదులో ఉండే మా తమ్ముడు కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొని పట్టుకొచ్చాడు. పళ్ళ చక్రాలున్న పసుపుపచ్చ మోటార్లు రెండు, వాటి టైర్లతో కలిపి 200. మోటార్లని నడిపించే చిన్న బోర్డు 110. గీతని చూసే సెన్సార్లు రెండు 80. సెల్లుల పెట్టె, స్విచ్చి, వైర్లు 70. అంతా కలిపి 460 రూపాయలు. రీచార్జి చేసుకునే పెన్ను సెల్లులు నాలుగు, వాటి చార్జరు మరో 350. బండికి అడుగుభాగం ఐస్‌క్రీం డబ్బా మూత. ముందు చక్రం బదులు తలనొప్పి మందు సీసా మూతి దగ్గర దొర్లే గోళీ.

సెన్సారంటే మరేం లేదు. టీవీ రిమోట్‌లో ఉండేలాంటి, కంటికి కనబడని వెలుతురు కిందికి పంపుతుంది. తెల్లటి చోట ఆ వెలుతురు తిరిగొస్తుంది, నల్లటి చోట రాదు. ఆ తేడాని సెన్సారు పసిగడుతుంది. అయితే మోటారుని తిప్పే బలం దానికి లేదు. అందుకే మధ్యలో బోర్డు. సెన్సారు చెప్పిన మాట విని, సెల్లులనుంచి కరెంటు తీసుకుని మోటారుకి అందిస్తుంది.

రెండు ఆదివారాలు కూచుని వైర్లన్నీ కలిపాం. తెల్లటి చార్టు పరిచి, నల్ల టేపుతో గీత వేసి, బండిని పెట్టాం. కదల్లేదు. చేతిలోకి ఎత్తితే చక్రాలు గిర్రున తిరుగుతాయి, చార్టు మీద పెట్టగానే ఆగిపోతాయి! ఎన్నిసార్లు పెట్టినా అంతే. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దీనికి బుర్రలాంటి ఇంకో బోర్డు కొనాలేమో అమ్మా" అంది. నా దగ్గర ఇంక డబ్బుల్లేవు.

నాకు కరెంటు సంగతులు తెలియవు గానీ, మొండికేసే పిల్లల్ని సముదాయించడం తెలుసు. కాసేపు దాన్నే చూస్తూ కూచున్నాను. "ఏమేవ్, దీనికి తెలుపు గిట్టట్లేదేమో! నల్లదాని మీద పెట్టి చూడరాదూ?" అన్నాను. పెరట్లో వడియాలు ఎండబెట్టుకునే పలకరాళ్ళు ఉన్నాయి. ఒకటి కడిగి తెచ్చాను. దాని మీద పెట్టామో లేదో, బండి జర్రున ఉరికింది!

అప్పుడు పిల్లకి కిటుకు అర్థమయింది. మా సెన్సార్లు నల్లటి చోట "పద" అంటాయి, తెల్లటి చోట "ఆగు" అంటాయి. అంటే తెల్ల నేల మీద నల్లగీత కాదు, నల్ల నేల మీద తెల్లగీత కావాలి. రెండు సెన్సార్లు గీతకి చెరోవైపు ఉంటాయి. ఎడమది గీత మీదికి వస్తే ఎడమ మోటారు ఆగుతుంది, కుడిది తిరుగుతూనే ఉంటుంది, బండి ఎడమకి మళ్ళుతుంది. కుడివైపూ అంతే. ఇంకే బుర్రా అక్కర్లేదు! మా వారు ఇంకో మూడు రాళ్ళు తెచ్చి పక్కపక్కన పరిచారు. నేను ముగ్గుపిండితో గీత వేస్తే చక్రాలకి అంటుకుని చెరిగిపోయింది. సుద్దముక్క తడిపి బొటనవేలంత వెడల్పున గీస్తే నిలిచింది. సెన్సారు మీదుండే చిన్న స్క్రూని కొద్దికొద్దిగా తిప్పి సరిచేసుకున్నాక, వంకర గీత మీద కూడా బండి బుద్ధిగా నడిచింది. "మన రాయి మీదే నడుస్తుందే!" అని మా వారు మురిసిపోయారు. మా అత్తయ్య అయితే, "దాని మీద నా మాత్రల డబ్బీ పెట్టి పంపించండి" అని హుకుం!

పాతసామానుతో ఇలాంటివి చేయడం కొత్తేమీ కాదట. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త 1948, 49ల్లోనే తాబేళ్ళలాంటి రెండు రోబోలు చేశాడు. వెలుతురు వైపు వాటంతటవే నడిచేవి. యుద్ధంలో మిగిలిన సామాను, పాత అలారం గడియారాల పళ్ళచక్రాలు వాడాడట. ఆ సంగతి చదివి వినిపించి, "చూశావా?" అన్నట్టు పిల్ల నా వంక చూసింది. నేను తల వంచుకున్నాను.

మీ పిల్లలకీ ఈ సరదా ఉంటే నాదో మాట. మొదటే పెద్ద కిట్టు కొనకండి. ముందు కదిలేది, తర్వాత చూసేది, ఆ తర్వాతే ఆలోచించేది చేయనివ్వండి. ఆలోచించే బోర్డుల్లో ఆర్డుయినో అనేది 2005లో ఇటలీలో విద్యార్థుల కోసమే పుట్టింది. దాని నమూనా అందరికీ ఇచ్చేశారు కాబట్టి దాన్ని చూసి చేసిన బోర్డులు చవగ్గా దొరుకుతాయి. మా పిల్ల ఇప్పుడు దానికోసం హుండీలో కూడబెడుతోంది. మీ బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కూడా అడగండి. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం 2016లో కేంద్రం మొదలుపెట్టిన పథకమది. మా పిల్ల బడిలో లేదు.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఎప్పుడూ సెల్లులతోనే ఆడాలి, గోడ ప్లగ్గు జోలికి పోకూడదు. మిక్సీ మోటారు 230 వోల్టులది, అది పిల్లలకి పనికిరాదు. ఉబ్బిన ఫోను బ్యాటరీని పొడవకూడదు, అది మంటలు లేపుతుంది. టంకం పెట్టేటప్పుడు పక్కన పెద్దవాళ్ళుండాలి, కిటికీ తీసి ఉండాలి. టంకంలో సీసం ఉంటుంది కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం ముట్టాలి.

పోయిన సామాను తిరిగి రాదు. కానీ వంటింటి అలమరలో, నా పోపులపెట్టె పక్కనే, ఇప్పుడు కొత్త బిస్కెట్ల డబ్బా ఒకటుంది. మూత మీద పిల్ల పేరు నేనే రాశాను. మొన్న పాతసామాన్లవాడు వీధిలో కేకేస్తే అలవాటుగా లేచాను. పిల్ల గబుక్కున తలెత్తి చూసింది.

"మజ్జిగ చిలకడానికి లేచానులేవే" అన్నాను.