బోరు మోటారు అడుగున

బోరు మోటారు పోయిందంటే అందరూ వైండింగ్‌నే తిడతారు. షెడ్డులో విప్పినప్పుడు అడుగు భాగం ఒకసారి చూడండి. నల్లటి కార్బన్ బిళ్ల, దానికి ఆనుకుని నున్నటి స్టీలు పలకలు. గీతలు పడి, అంచులు విరిగి ఉన్నాయంటే అసలు కథ అక్కడే మొదలైందన్నమాట. అదే థ్రస్ట్ బేరింగ్.

సబ్‌మెర్సిబుల్‌లో పంపు పైన, మోటారు కింద. ఇంపెల్లర్లు నీటిని పైకి తోస్తుంటే ఆ ప్రెషరే షాఫ్టును కిందికి నొక్కుతుంది. స్టేజీలు పెరిగేకొద్దీ నొక్కుడూ పెరుగుతుంది. ఆ బరువంతా మోసేది ఆ పలకలే, అదీ కంటికి కనపడనంత పల్చటి నీటి పొర మీద! పలకలు కాస్త వాలి, నీటిని సందులోకి లాక్కునే ఈ ఏర్పాటుకు మిచెల్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు 1905లో పేటెంట్ తీసుకున్నాడు. శ్రీశైలం టర్బైన్లదీ ఇదే సూత్రం, కాకపోతే అక్కడ నూనె.

పక్కకు తోసే రేడియల్ లోడు బోరులో పెద్ద గొడవ కాదు. అది బావి గట్టు మీది మోనోబ్లాక్ జబ్బు. డెలివరీ వాల్వు బిగించి నడిపితే, నత్తగుల్లలాంటి కేసింగులో ఒత్తిడి ఒకవైపే ఎక్కువై షాఫ్టు వంగుతుంది, సీలు కారుతుంది.

బోరుకు అసలు శత్రువు ఆటో స్టార్టరేనని నా అనుమానం. నాన్ రిటర్న్ వాల్వు పాడైతే, కరెంటు పోగానే పైపులో నీళ్లు జారి ఇంపెల్లర్లు వెనక్కి తిరుగుతాయి. అంతలో కరెంటు వచ్చి ఆటో స్టార్టరు మోటారును తిప్పిందా, షాఫ్టుకు మూడినట్టే. ఖాళీ పైపుతో మొదలైతే ఇంకో చిత్రం: కాసేపు లోడు పైకి తంతుంది. డెలివరీ వాల్వు సగం మూసి స్టార్ట్ చేయమని పాత మెకానిక్కులు చెప్పేది అందుకే. ఆటో పెట్టుకుని ఇంట్లో కూచున్నాక వాల్వు తిప్పేదెవరు!