కార్డుముక్క

రైలు కొవ్వూరు దాటిందంటే చాలు, పెట్టెలో అందరూ చిల్లర వెతుక్కునేవారు, గోదారమ్మకు వేయడానికి. ఎనిమిదేళ్ల ఆ పిల్లాడి ధ్యాస పైసల మీద ఉండేది కాదు. కిటికీ ఊచలకు ముఖం ఆనించి, అవతలి గట్టు ఎప్పుడొస్తుందా అని చూసేవాడు. అవతల రాజమండ్రి ప్లాట్‌ఫాం మీద తాతయ్య ఉంటాడు. మోకాళ్ల కిందికి పంచె, భుజాన తువ్వాలు, చేతిలో అరటిపళ్ల అత్తం.

తాతయ్యది కొవ్వూరే. కానీ వాళ్లెక్కిన రైలు అక్కడ ఆగేది కాదు. అందుకని ఒకసారి దాటిన గోదారిని మళ్లీ బస్సులో వెనక్కి దాటాలి. అమ్మకు విసుగు, వాడికి పండగ. పైన రోడ్డు, కింద రైలు ఉన్న ఆ వంతెన 1974లో వచ్చింది. దానికి ముందు కొవ్వూరు రేవు నుంచి రాజమండ్రికి లాంచీలు నడిచేవి. అందులో ఒకదానికి తాతయ్య సరంగు. వంతెన వచ్చి తన కూడు తీసేసిందని ఆయన ఎప్పుడూ తిట్టలేదు. బస్సు వంతెన ఎక్కగానే మనవణ్ని ఒళ్లోకి లాక్కుని, "అదిగో, ఆ ఇసక మేట ఉందే, దాని పక్కనే సుడి. లాంచీ ఎప్పుడూ ఎడంగా తిప్పాలి" అని పాఠం చెప్పేవాడు. పిల్లాడికి లాంచీ ఇచ్చేవాళ్లెవరూ లేరు గానీ, పాఠం మాత్రం ఏటా జరిగేది.

ఆ సెలవుల రుచులు చెప్పాలంటే చద్దన్నంలో కొత్తావకాయ, మధ్యాహ్నం తాటిముంజలు, సాయంత్రం గోష్పాద రేవులో తాతయ్య తువ్వాలు నడుముకు చుట్టి నేర్పిన ఈత. పులస మాత్రం వాడికి ఊహే. అది వరదనీటితో ఎదురీదుతూ వచ్చే చేప. వేసవి మనవళ్లకు దొరకదు. "నీ బళ్లు తెరిచాకే వస్తుందిరా అది, నీకు భయపడి" అనేవాడు తాతయ్య.

1979 వేసవిలోనే ఒక వింత గమనించాడు పిల్లాడు. ఎదురుగా ఉన్నదంతా బాగానే చూసే తాతయ్య, పక్కనున్న గడపకమ్మికి భుజం కొట్టుకునేవాడు. కాలి పక్కనున్న చెంబు తన్నేవాడు. అమ్మమ్మ "వయసొచ్చింది, నిదానం లేదు" అని విసుక్కునేది. తాతయ్య నవ్వేసేవాడు.

1981 వేసవికి సంగతి ముదిరింది. పోస్ట్‌మన్ రాగానే తాతయ్య చొక్కా తడుముకుని, "కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏవిటో, నువ్వు చదవరా" అనేవాడు. జోడు జేబులోనే కనబడుతూ ఉండేది. నాలుగు రోజులయ్యాక పిల్లాడు ఆ మాటే అనేశాడు. తాతయ్య చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మకి చెప్పకు. తెలిస్తే నన్ను హైదరాబాద్ తీసుకుపోతారు. అక్కడ గోదారి ఉందా?"

లేదు. అందుకని చెప్పలేదు.

అలా ఆ ఇంటి ఉత్తరాలన్నీ పదేళ్ల పిల్లాడి గొంతులోంచి వచ్చేవి. చదివాక వాటిని దూలానికి వేలాడే తీగకు గుచ్చడం కూడా వాడి పనే. ఒకరోజు ఒక కార్డు వచ్చింది. ఒక మూల చింపి ఉంది. పోలవరం వైపు లాంచీలు నడిపిన తాతయ్య స్నేహితుడి కొడుకు రాశాడు. నాన్న కాలం చేశారని, ఫలానా రోజు దశదినమని. పిల్లాడు రెండుసార్లు లోపల చదువుకున్నాడు. తర్వాత పైకి చదివాడు. "ఇక్కడ మేమంతా క్షేమం. నాన్న మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు."

తాతయ్య చెయ్యి చాచాడు. కార్డు తీసుకుని బొటనవేలితో అంచుల వెంట నెమ్మదిగా తడిమాడు. మూల దగ్గర వేలు ఆగింది.

"బాగా చదివావు" అన్నాడు.

కార్డు తీగకు గుచ్చమనలేదు. నాలుగు ముక్కలు చేసి పెరట్లో పారేసి, నూతి దగ్గరికి వెళ్లి, పొద్దుటే చేసిన స్నానం మళ్లీ చేశాడు. చేద మీద చేద తల మీద పోసుకుంటూనే ఉన్నాడు. అశుభం కార్డు ఇంట్లో ఉంచరని, ఆ కబురు వింటే తలమీద నీళ్లు పోసుకుంటారని పిల్లాడికి అప్పటికి తెలియదు. తన అబద్ధం పట్టుబడిందని మాత్రం తెలిసింది. సాయంత్రం ఇద్దరూ రేవుకు వెళ్లారు. ఆ రోజు ఈత లేదు. మెట్ల మీద పిల్లాడి భుజం మీద చెయ్యి వేసి, చీకటి పడేదాకా కూర్చున్నాడు తాతయ్య. స్నేహితుడి గురించి ఒక్కమాట అనలేదు.

1983లో వీధిలో సైకిలు గుద్దితే, అప్పుడు రాజమండ్రిలో డాక్టరుకు చూపించారు. శుక్లాలేమో, కోస్తే పోతుందిలే అనుకున్నారు అందరూ. శుక్లం కాదు, నీటికాసులు. శుక్లం తీస్తే చూపు వస్తుంది. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడమే, అదీ ముందుగా పట్టుకుంటేనే. అమ్మ ఆ రాత్రి చాలాసేపు ఏడ్చింది. "ఎవరమూ కనిపెట్టలేకపోయాం" అంది. పన్నెండేళ్ల కొడుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత ఉత్తరాలు పక్కింటి కుర్రాడు రాసిపెట్టేవాడు. 1986 ఆగస్టులో గోదారికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది ప్రవాహం. హైదరాబాద్‌లో అమ్మ రేడియో వదల్లేదు. అది తగ్గాక కొవ్వూరు నుంచి 15 పైసల కార్డు వచ్చింది. నాలుగు మూలలా పసుపు రాయడం మంచి కబురుకు గుర్తు. ఆ పసుపు తాతయ్య తన చేత్తోనే రాసినట్టున్నాడు. రెండు మూలలకు అంటింది. మిగతాది అక్షరాల మీద పడి, సగం ఉత్తరం కనబడలేదు. అమ్మ దాన్ని చదవకుండానే కళ్లకద్దుకుంది.

ఆ కార్డు ఇప్పటికీ మనవడి దగ్గరే ఉంది. ఆయనకూ యాభై దాటాయి. నీటికాసులు కుటుంబంలో వచ్చే జబ్బు కనుక, ఏటా కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకుంటాడు. ఇంట్లో ఎవరికైనా ఉందా అని డాక్టరు అడిగితే, తాతయ్యకని చెబుతాడు. ఎప్పుడు బయటపడిందని అడిగితే, అమ్మకు తెలిసిన లెక్క 1983.

ఆయన మాత్రం 1981 అని రాయిస్తాడు.