రహస్యం ఎవరిది?

పరీక్ష అనగానే విద్యార్థి లోకానికి గుండె దడ సహజం. కానీ హాలు టికెట్టు లేని పరీక్షలు కూడా ఉన్నాయండీ! వాటిలో పరీక్షకు కూర్చునేది మనిషి కాదు, సెల్‌ఫోన్ యాప్. మార్కులు వేసేది దాన్ని వాడి చూసే మనిషి. సెలవుల్లో ఒక కంపెనీ కోసం నేను చేసిన పని ఇదే. కంపెనీ పేరు, యాప్ సంగతి మాత్రం అడక్కండి. ఎవరికీ చెప్పనని సంతకం చేశాను.

పద్ధతి సులువే. యాప్ ఇంకా పుట్టలేదు, నమూనా మాత్రమే ఉంది. నేను హాస్టల్ గదిలో కూర్చుంటాను. మా పెదపాడులో చేపల చెరువు గట్టు మీద ఒక రైతు తన ఫోనులో ఆ నమూనా తెరుస్తాడు. ఆయన తెర మీద జరిగేదంతా నా తెర మీద కనిపిస్తుంది. “మనసులో అనుకునేది పైకి అనండి బాబాయ్ గారూ” అంటాను. ఆ తర్వాత నోరు మూసుకోవడమే నా ఉద్యోగం! ఈ పద్ధతిని ఐ.బి.ఎం.లో పనిచేస్తూ క్లేటన్ లూయిస్ 1982లోనే వివరించాడు. అయిదుగురి చేత వాడిస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని జాకబ్ నీల్సన్ 2000లో వ్రాశాడు.

అయితే ఏ అయిదుగురు? ‘హార్వెస్టు’ను నిఘంటువు చూసి ‘కోత’ అని తెనిగించారనుకోండి. వరి కోస్తాం గానీ చేపల్ని కోస్తామా? చెరువుకి పట్టుబడి చేస్తాం. ఏసీ గదిలో యాభై మంది కూర్చున్నా ఈ ముక్క తట్టకపోవచ్చు. కొల్లేటి దిక్కున ఒక్కడు చాలు.

బటను దొరక్కపోతే చాలామంది అనే మాట ఒక్కటే: “మనకంత చదువు లేదు అబ్బాయ్.” ఆ మాట నన్ను కలచివేసింది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిందని చెప్పగలవాడికి చదువు లేదా? “పరీక్ష మీకు కాదండీ, దానికి” అని ప్రతిసారీ చెప్పవలసి వచ్చేది.

ఇక రహస్యం. కంపెనీ రహస్యానికి ఎన్ని తాళాలో! లింకు ఒక్కరికే తెరుచుకుంటుంది. గడువు దాటితే మూసుకుపోతుంది. లోపలి పేర్లు, అంకెలు అన్నీ ఉత్తుత్తివి. న్యాయమే, కాదనను. మరి రైతు తెర మన ముందు తెరుచుకున్నప్పుడు, పైనుంచి జారే మెసేజీలో మేత బాకీ కనిపించవచ్చు, కూతురి పెళ్ళి సంబంధం కనిపించవచ్చు. ఆ రహస్యానికి తాళమేది? ఆయన ఒప్పుకోవలసిన కాగితమేమో పేజీలకు పేజీలు ఇంగ్లీషు!

అందుకే ప్రతి పరీక్షకు ముందు మెసేజీలు ఆపించి, ఆ ఒక్క యాప్ మాత్రమే కనిపించేలా పెట్టించేవాణ్ణి. కాగితంలోని సారాంశం తెలుగులో చదివి, రికార్డింగు ఎవరు చూస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో చెప్పి, “వద్దనిపిస్తే మధ్యలో ఆపేయండి” అనేవాణ్ణి. ఇది దయ కాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే వీలుండాలంటోంది. అందులో మన తెలుగూ ఉంది.

మిత్రులారా! రేపు మీలో ఎందరో యాప్‌లు తయారుచేస్తారు. కంపెనీ గుట్టు కాపాడండి, అది మీ జీతం. గట్టు మీది మనిషి గుట్టు కూడా కాపాడండి, అది మీ చదువు.