అరువదినాలుగు గళ్ల లెక్క

రాజమహేంద్రవర మనగానే మనకు నన్నయభట్టు జ్ఞప్తికి వచ్చును. ఆ సీమలోనే వెలసిన తెలుగు గణితమును మాత్రము తలచువారు తక్కువ. పిఠాపురము చెంతనున్న నవఖండవాడను పావులూరివారికి రాజరాజనరేంద్రు డగ్రహారముగా నొసగెనని ప్రసిద్ధి. ఆ వంశీయుడగు మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు పద్యములలోనికి దెచ్చెను.

చదరంగపు బల్లపై మొదటి గడిలో నొక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గళ్లును నింపినచో మొత్తమెంత? మల్లన పేర జెల్లు పద్య మొకటి దీనికి సమాధానము చెప్పుచున్నది. అందు అంకెలకు బదులు మాటలుండును. శరములన్న ఐదు, శశి యన్న ఒకటి, వేదములన్న నాలుగు, గగనమన్న సున్న. ఒకట్ల స్థానమునుండి ఎడమకు వ్రాసికొనుచు పోవలెను. అట్లు వచ్చునది 18446744073709551615.

ఈ యిరువది యంకెల సంఖ్యను, ఒక మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొని, పలకపై రెట్టించి సరిచూచితిని. తుద నైదున్నది గనుక ఐదుచే నిశ్శేషముగా భాగింపబడును. అంకెలన్నియు కూడిన 87; కావున మూడుచేతను భాగింపబడును, తొమ్మిదిచే గాదు. కిలో బియ్యమునకు ఏబదివేల గింజలనుకొన్నను, నేడు ప్రపంచమంతయు పండించు బియ్యము సుమా రేడువందల యేండ్లది కావలెను. మన గాదెల మాట చెప్పనేల!

అయితే నన్నాకర్షించిన గుణము వేఱు. ఏ గడిలోని గింజలైనను, దానికి ముందున్న గళ్లన్నిటి మొత్తముకంటె ఒకటి యెక్కువ. ఒకటి, రెండు, నాలుగు కలిపిన ఏడు, తరువాతిది ఎనిమిది. అరువదినాలుగవ గడివఱకు నిది తప్పదు.

సోదరీమణులారా, ఇది వినోదముమాత్రమే కాదు. మొన్న మా వీధిలోని యొక యిల్లాలు వచ్చి, "వదినగారూ, అయిదువేలు కట్టి ఇద్దరిని చేర్పించండి. వాళ్లు చెరి ఇద్దరిని చేరుస్తారు. కూర్చున్నచోటికే డబ్బు వస్తుంది" అనెను. తాను గాజులు తాకట్టు పెట్టి చేరినదట!

నేను చేటలో బియ్యపుగింజలు వరుసలుగా పేర్చితిని. తుదివరుసవారి క్రింద నెవ్వరును లేరు. వారు పైవారందఱికంటె ఒకరెక్కువ. కావున ఎక్కడ ఆగినను చేరినవారిలో సగమునకు మించి సొమ్ము పోగొట్టుకొందురు. ఇరువదియేడు వరుసలు నిండుటకు 13 కోట్ల 42 లక్షలమంది కావలెను. 2011 జనాభా లెక్కలలో తెలుగునాడంతయు, చంటిబిడ్డలతో సహా, సుమారు 8 కోట్ల 46 లక్షలే! ఇట్టి పథకములను 1978 నాటి చట్టము నిషేధించినది కూడ.

ఆమె చాలసేపు చేటవంక చూచి, "మరి నా క్రింద చేరిన మా చెల్లెలో?" అనెను.

ఆ చెల్లెలిది తణుకు. ఆమె యింకెవ్వరిని చేర్పకముందే చెప్పవలెనని, మఱునాటి యుదయపు బస్సులో నిద్దఱమును బయలుదేఱితిమి.